షాపు సిస్టంలో గిరాకీల ఆధార్‌లు, రిపోర్టులు వేలకొద్దీ ఉన్నాయి. స్టార్ గుర్తుతో ఒకేసారి తీసేయొచ్చా?

గడియారంసెంటర్_జిరాక్స్
నల్గొండలో తొమ్మిదేళ్లుగా జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్నా. సిస్టం ఒక్కటే, విండోస్ 10. గిరాకీలు వాట్సాప్‌లో పంపుతారు, నేను డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసిస్తా. ఆ తర్వాత తీసేయడం గుర్తుండదు, ఇంతలోనే ఇంకొకరు వస్తారు.

మొన్న సాయంత్రం ఒక డిగ్రీ అమ్మాయి హాల్‌టికెట్ ప్రింట్ కోసం వచ్చింది. ఫైలు కోసం డౌన్‌లోడ్స్ తెరిచా. బొమ్మలు పెద్దగా కనిపించేట్టు పెట్టుకున్నా కాబట్టి కాగితాల మీది పేర్లు కూడా చదవొచ్చు. ఆ అమ్మాయి స్క్రీన్ వైపు చూస్తూ ఒకచోట ఆగిపోయింది. "అన్నా, అది మా పిన్ని స్కానింగ్ రిపోర్టు కదా? మీ దగ్గర ఇంకా ఎందుకుంది?" అంది. మార్చిలో ఎప్పుడో ప్రింట్ తీసిన రిపోర్టు అది. "తీసేస్తానమ్మా" అన్నా, ఇంకేం అనాలో తోచలేదు. డబ్బులు బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి చూస్తే డౌన్‌లోడ్స్‌లో 11,340 ఫైళ్ళు. ఆధార్, పాన్, పట్టాదారు పాస్‌బుక్, కుల సర్టిఫికెట్, కళ్యాణలక్ష్మి అప్లికేషన్‌కి ఇచ్చిన పెళ్లి ఫోటోలు. వాటి మధ్యలోనే నా జీఎస్టీ బిల్లులు, షాపు అద్దె అగ్రిమెంటు, మా పాప ఫోటోలు. ఒక్కొక్కటి చూసి తీయాలంటే నెల పడుతుంది. స్టార్ గుర్తు పెట్టి కమాండ్ కొడితే ఒక్క దెబ్బకు పోతాయని తెలిసినతను చెప్పాడు. నావి కూడా పోతాయేమోనని చెయ్యి రావట్లేదు.

కొల్లాపూర్_మామిడి
ఒక్క దెబ్బకు పోతాయి అన్నా, అది నిజం. ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో ముందు చూసుకోవాలి.

పాలమూరు_పెంగ్విన్
రమ్మీ ఆడినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జోకర్ ఏ ముక్క స్థానంలోనైనా నిలబడుతుంది కదా, ఇదీ అంతే. ఇలాంటి గుర్తులకున్న వైల్డ్‌కార్డ్ అన్న పేరు కూడా పేకాట నుంచి వచ్చిందే. మనకు రెండు జోకర్లు చాలు. * అంటే ఎన్ని అక్షరాలైనా సరే, అసలు ఏమీ లేకపోయినా సరే. ? అంటే ఒక అక్షరం.

ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, మీరు కొట్టేది ఇంగ్లీషులో. వాట్సాప్ వెబ్ నుంచి దించిన ఫోటో పేరు "వాట్సాప్ ఇమేజ్" అని మొదలై, తర్వాత తేదీ, టైం ఉంటాయి. కాబట్టి "వాట్సాప్ ఇమేజ్ 2024*" అంటే ఆ ఏడాది దించిన ఫోటోలన్నీ. ఫోన్ నుంచి కేబుల్‌తో ఎక్కించినవైతే ఐఎంజీ-20240315-డబ్ల్యూఏ0007 లాగా ఉంటాయి. ఒక్క మార్చి నెలవి కావాలంటే ఐఎంజీ-202403??-డబ్ల్యూఏ* అని కొట్టాలి. ఆ రెండు ప్రశ్న గుర్తులు తేదీకి.

కమాండ్ జోలికి ఇప్పుడే పోవద్దు. డౌన్‌లోడ్స్ తెరిచి, పైన కుడివైపు వెతికే పెట్టెలో ఈ పేరు కొట్టండి. లిస్టు వస్తుంది. కళ్ళతో చూసి, మీవి ఉంటే పక్కకు జరిపి, మిగతావి సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి. అలా చేస్తే రీసైకిల్ బిన్‌లోకి వెళ్తాయి, పొరపాటైనా వెనక్కి తెచ్చుకోవచ్చు.

గడియారంసెంటర్_జిరాక్స్
పెంగ్విన్ అన్నా, వెతికా. వాట్సాప్ ఇమేజ్* అంటే ఏడు వేలకు పైగా వచ్చాయి. ఆధార్ అని కొడితే మాత్రం చాలా తక్కువ వస్తున్నాయి. కళ్ళ ముందు ఉన్నవి కూడా రావట్లేదు.

పాలమూరు_పెంగ్విన్
ముందు కూడా స్టార్ పెట్టాలి. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైటు నుంచి దించిన ఫైలు పేరు ఈఆధార్ అని మొదలవుతుంది. మీరు ఉత్త "ఆధార్" అంటే మాట మొదట్లో ఆ అక్షరాలున్నవే చూస్తుంది. *ఆధార్* అనండి.

దేవరకొండ_పంతులమ్మ
ఇంకో చిక్కుంది. ఇంగ్లీషులో ఆధార్ స్పెల్లింగ్ ఎవరి ఇష్టం వాళ్ళది. ఒక ఏ, రెండు ఏలు, చివర్లో మళ్ళీ రెండు. మా స్కూల్ సిస్టంలో పిల్లల ఆధార్‌లు తీసేయాలని నేను తెలివిగా ఏ, స్టార్, డీ-హెచ్, స్టార్, ఆర్ అని కొట్టి అటూ ఇటూ స్టార్లు పెట్టా. అన్ని స్పెల్లింగులూ దొరికాయి. వాటితో పాటు గంగాధర్ టీసీ, మాధురి మార్కుల మెమో, ఆంధ్రా బ్యాంక్ పాత స్టేట్‌మెంటు కూడా వచ్చి కూర్చున్నాయి. గంగాధర్‌లో కూడా ఏ ఉంది, తర్వాత డీ-హెచ్ ఉంది, చివర ఆర్ ఉంది! లిస్టు చూశాను కాబట్టి ఆ పిల్లాడి టీసీ బతికింది.

కొల్లాపూర్_మామిడి
గంగాధర్, మాధురి అని పేర్లు పెట్టుకున్నవాళ్ళు మేడమ్ స్కూల్‌కి దూరంగా ఉండండి 😄

మిల్లు_లెక్కలు
లిస్టు చూడండి అని పంతులమ్మ గారు చెప్పింది అందరూ మళ్ళీ ఒకసారి చదవండి. నేను చూడలేదు, ఏమైందో చెప్తా.

మిర్యాలగూడలో రైస్ మిల్లులో అకౌంట్స్ రాస్తా. ఒకే ఎక్సెల్ ఫైలు రెండుసార్లు దించితే పేరు చివర (1) అని వస్తుంది కదా, అలాంటివి ఫోల్డర్ నిండా ఉన్నాయి. బ్రాకెట్లు కొట్టడానికి బద్ధకమై, కమాండ్లు కొట్టే నల్ల స్క్రీన్‌లో, ఫైళ్ళు తీసేసే డెల్ కమాండ్‌తో డెల్ *1*.ఎక్స్‌ఎల్‌ఎస్ అని కొట్టా. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు, అయిపోయింది. ఫోల్డర్ చూస్తే దాదాపు ఖాళీ. పేరులో ఒకటి అంకె లేని ఫైళ్ళు కూడా పోయాయి. "మార్చ్ శాలరీస్" పోయింది, "పాడీ స్టాక్" పోయింది. చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఉన్నవి కూడా పోయాయి, నేను అడిగింది ఎక్స్‌ఎల్‌ఎస్‌వి మాత్రమే. మిగిలినవి చిన్న పేరున్న పాత ఫైళ్ళు నాలుగైదు.

హమాలీల కూలి లెక్క వారం రోజులది చిట్టీలు చూసి మళ్ళీ రాశా. ఎందుకు పోయాయో మాత్రం ఇప్పటికీ తెలియదు.

వనపర్తి_వైరు
తమ్ముడూ, అది విండోస్‌కు ముందున్న డాస్ కాలం నాటి మిగులు. అప్పట్లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు, అంతకంటే పనికిరాదు. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని విండోస్ పొడుగు పేరున్న ప్రతి ఫైలుకూ లోపల ఒక పొట్టి పేరు కూడా పెడుతుంది. మొదటి ఆరు అక్షరాలు, ఒక ~ గుర్తు, ఒక అంకె. మీ "మార్చ్ శాలరీస్" లోపలి పేరు మార్చ్‌ఎస్~1.ఎక్స్‌ఎల్‌ఎస్. అక్కడుంది మీ ఒకటి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ కూడా లోపల ఎక్స్‌ఎల్‌ఎస్ అయిపోయింది. స్టార్ పెట్టి వెతికినప్పుడు ఆ నల్ల స్క్రీన్ రెండు పేర్లూ చూస్తుంది.

ముఖ్యంగా సి డ్రైవ్‌లో ఈ పొట్టి పేర్లు ఉంటాయి. డిర్ అంటే ఫైళ్ళ లిస్టు చూపించే కమాండ్, డిర్ స్లాష్ ఎక్స్ అని కొట్టండి, రెండు పేర్లూ పక్కపక్కన కనిపిస్తాయి.

మిల్లు_లెక్కలు
ఇప్పుడే కొట్టి చూశా. ప్రతి దాని పక్కనా ~1 ఉంది! మూడేళ్ళ తర్వాత తెలిసింది. మనసు కొంచెం తేలికైంది అన్నా.

పాలమూరు_పెంగ్విన్
వైరు అన్న చెప్పిన దానికి ఒకటి కలుపుతా. నల్ల స్క్రీన్‌లో డెల్ అంటే రీసైకిల్ బిన్ లేదు, నేరుగా పోతుంది. *.* అని కొడితేనే "ఖాయమా" అని అడుగుతుంది. *.జేపీజీ అంటే అడగదు. స్లాష్ పీ పెడితే ఒక్కో ఫైలుకూ అడుగుతుంది. నా అలవాటు ఏమిటంటే, ముందు డిర్ తో కొడతా. లిస్టు చదువుతా. తర్వాత కీబోర్డు మీద పైకి బాణం నొక్కితే అదే లైను తిరిగి వస్తుంది. అందులో డిర్ అన్న మూడక్షరాలు తీసి డెల్ పెడతా. మిగతాది ముట్టుకోను. మళ్ళీ టైపు చేస్తే ఎక్కడో ఒక స్పేస్ జారుతుంది.

లైనక్స్‌లో ఈ స్పేస్ మరీ ప్రమాదం. అక్కడ డెల్ బదులు ఆర్‌ఎం. ఆర్‌ఎం స్టార్ డాట్ టీఎక్స్‌టీ కొట్టబోయి స్టార్ తర్వాత స్పేస్ పడిందనుకోండి, ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నీ పోయాక, డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు లేదని తీరిగ్గా చెబుతుంది.

సూర్యాపేట_సైకిల్
మీరంతా ఆయనకు స్టార్లు నేర్పిస్తున్నారు, నాకు నచ్చట్లేదు. షాపులో గిరాకీ నిలబడి ఉండగా ఎవరైనా ఇలా స్టార్లు పెట్టిన ప్యాటర్న్‌లు ఆలోచిస్తారా? ప్యాటర్న్ ఫైలు పేరును మాత్రమే చూస్తుంది, లోపల ఏముందో దానికి తెలియదు. పిన్ని రిపోర్టు పేరు "డాక్ 17" అని ఉంటే ఏ స్టార్ పట్టుకుంటుంది?

విండోస్‌లోనే స్టోరేజ్ సెన్స్ అని ఉంది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్. డౌన్‌లోడ్స్‌లో 1, 14, 30 లేదా 60 రోజులుగా తెరవనివి అదే తీసేస్తుంది. డౌన్‌లోడ్స్‌కి మొదట "ఎప్పుడూ వద్దు" అని ఉంటుంది, మనమే మార్చుకోవాలి. సొంత ఫైళ్ళు వేరే డ్రైవ్‌కి మార్చుకుని ఇది ఆన్ చేస్తే చాలు.

పాలమూరు_పెంగ్విన్
సైకిల్ అన్నా, సొంత ఫైళ్ళు వేరే డ్రైవ్‌కి మార్చుకోవాలంటే 11 వేలల్లో వాటిని ఏరాలి కదా. ఏరడానికే ఈ స్టార్లు. "డాక్ 17" మాట మాత్రం నిజం, ఒప్పుకుంటా.

జడ్చర్ల_జంక్షన్
నేను క్రోమ్‌లో గెస్ట్ మోడ్‌లోనే గిరాకీల పని చేస్తా. విండో మూసేస్తే అన్నీ పోతాయి. ఈ గొడవే లేదు.

వనపర్తి_వైరు
జంక్షన్ తమ్ముడూ, హిస్టరీ, లాగిన్లు పోతాయి, నిజమే. దించిన ఫైలు మాత్రం పోదు. గెస్ట్ అయినా ఇన్‌కాగ్నిటో అయినా డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంటుంది. ఒకసారి తెరిచి చూడు.

జడ్చర్ల_జంక్షన్
చూశా. 2,800 ఉన్నాయి. నాకు ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

అచ్చంపేట_ఆన్‌లైన్
నాది వేరే మాట. తీసేయడం ఎందుకసలు? మా దగ్గరికి చెంచు పెంటల నుంచి కూడా వస్తారు. ఒక ముసలాయన కాగితాలు వానకు తడిసిపోయాయని వస్తే, రెండేళ్ళ కింద నేను స్కాన్ చేసిన పాస్‌బుక్ నా సిస్టంలో ఉంది. ప్రింట్ తీసిచ్చా, ఆయన పని జరిగింది. "పోయినసారి తీసిచ్చినవి కదా, ఉన్నాయా?" అని వారానికి నలుగురైనా అడుగుతారు. అన్నీ తీసేస్తే వాళ్ళు మళ్ళీ ముప్ఫై కిలోమీటర్లు తిరిగిపోవాలి.

నాగర్‌కర్నూల్_నోటరీ
అచ్చంపేట తమ్ముడి మంచి మనసు కాదనలేను. కానీ ఆ ముసలాయన "ఉంచు" అని చెప్పి ఇచ్చాడా? అడిగి, సరే అన్నవాళ్ళవి విడిగా తాళం వేసి ఉంచడం వేరు. అందరివీ అడక్కుండా వచ్చేపోయేవాళ్ళ కళ్ళ ముందు ఉంచడం వేరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని మూలసూత్రం కూడా అదే. ఏ పనికి తీసుకున్నామో ఆ పని తీరాక డేటాను ఉంచుకోకూడదు.

2022 మే 27న ఉడాయ్ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఇంటర్నెట్ సెంటర్ల సిస్టంలో ఈ-ఆధార్ దించుకోవద్దు, దించుకుంటే కాపీలన్నీ శాశ్వతంగా తీసేయండి అని. జనం తప్పుగా అర్థం చేసుకుంటారని రెండు రోజులకే ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. అయినా అందులోని జాగ్రత్త మాత్రం మంచిదే. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అదే సైటులో దొరుకుతుంది, చాలా పనులకు అది సరిపోతుంది.

ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా, ఏం భయం అనుకోవద్దు. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే ఆ పాస్‌వర్డ్. ఆ రెండూ పక్కనే ఉన్న పాన్ కార్డు ఫోటోలో ఉంటాయి.

అచ్చంపేట_ఆన్‌లైన్
అడిగి ఉంచమంటే సరే సార్, ఒప్పుకుంటా. నోట్‌బుక్‌లో సంతకమో వేలిముద్రో పెట్టించుకుంటా. తాళం ఎలా వేయాలి?

వనపర్తి_వైరు
సెవెన్‌జిప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పాస్‌వర్డ్ పెట్టి ఆ ఫోల్డర్‌ను మూట కట్టు. ఫైళ్ళ పేర్లు కూడా దాచమని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టడం మరిచిపోకు. మూట కట్టాక బయటున్న అసలు ఫైళ్ళు తీసేయాలి, చాలామంది అక్కడే ఆగిపోతారు.

గడియారం అన్నా, మీకు ఇంకో సంగతి. డిలీట్ చేసి బిన్ ఖాళీ చేసినా పాత హార్డ్‌డిస్క్ మీద ఆ డేటా అలాగే ఉంటుంది. పుస్తకంలో విషయసూచిక చింపినట్టు, పేజీలు అక్కడే ఉన్నాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే లేచి వస్తుంది. సైఫర్ స్లాష్ డబ్ల్యూ అని విండోస్‌లోనే ఒక కమాండ్ ఉంది, పక్కన కోలన్ పెట్టి డ్రైవ్ అక్షరం ఇవ్వాలి. ఉన్న ఫైళ్ళను ముట్టుకోదు, ఖాళీగా ఉన్న చోటంతా మూడుసార్లు తిరగరాస్తుంది. గంటలు పడుతుంది. కొత్త రకం డిస్క్, ఎస్‌ఎస్‌డీ అయితే ఇది అక్కర్లేదు, ట్రిమ్ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే చెరిపిన చోటును మామూలుగా ఆ డిస్కే తుడుచుకుంటుంది.

ఫోటో తీసేసినా దాని చిన్న బొమ్మ వేరే చోట ఉండిపోతుంది, థంబ్‌క్యాష్ అని. డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్ టిక్ పెట్టి తుడవండి. ఆ అమ్మాయి చూసింది అలాంటి చిన్న బొమ్మనే కదా. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో "ప్రింట్ అయిన డాక్యుమెంట్లు ఉంచు" అని ఒక టిక్ ఉంటుంది, అది ఉంటే తీసేయండి. లేకపోతే ప్రింట్ తీసినవన్నీ క్యూలో దాక్కుంటాయి.

సూర్యాపేట_సైకిల్
సైఫర్ పెట్టేటప్పుడు కరెంటు పైలం. మా దగ్గర మధ్యలో కరెంటు పోయింది. మళ్ళీ ఆన్ చేస్తే డ్రైవ్ నిండిపోయి ఎర్రగా ఉంది. వెతగ్గా వెతగ్గా ఈఎఫ్‌ఎస్ అనే అక్షరాలతో మొదలయ్యే దాచిన ఫోల్డర్ ఒకటి దొరికింది. సైఫర్ పని చేయడానికి అది తాత్కాలికంగా వాడే ఫోల్డర్, మధ్యలో ఆగితే అలాగే మిగిలిపోతుంది. దాన్ని తీసేస్తే చోటు తిరిగి వచ్చింది.

కొల్లాపూర్_మామిడి
స్టార్లు వద్దన్న అన్న కూడా నల్ల స్క్రీన్ వాడతాడన్నమాట 😄

సూర్యాపేట_సైకిల్
వాడతాను మామిడీ. ఫర్‌ఫైల్స్ అని ఇంకో కమాండ్ కూడా వాడతా, అది స్టార్‌నూ తేదీనీ కలుపుతుంది. స్లాష్ ఎం దగ్గర *.జేపీజీ, స్లాష్ డీ దగ్గర మైనస్ 7 ఇస్తే వారం దాటిన ఫోటోలే పడతాయి. మొదటిసారి డెల్ బదులు ఎకో పెట్టి పేర్లు చూసుకోవాలి. ప్యాటర్న్ ఒక్కదాన్నే నమ్మొద్దని నా మాట, అసలే వద్దని కాదు.

దేవరకొండ_పంతులమ్మ
గడియారం తమ్ముడూ, ముందున్నవి కడగడం ఒక పని, రేపటి నుంచి వచ్చేవి ఇంకో పని. మా స్కూల్లో ఇప్పుడు ఇలా చేస్తున్నాం. పిల్లల కాగితం ఏది స్కాన్ చేసినా పేరు ముందు రెండు జెడ్‌లు, ఒక గీత పెడతాం. అవి లిస్టులో కిందికి వెళ్ళిపోతాయి, మన ఫైళ్ళలో కలవవు. శనివారం జెడ్‌జెడ్_* అని వెతికితే అన్నీ ఒకేచోట, అనుమానం లేదు. పేరు మనమే పెట్టాం కాబట్టి స్టార్ తప్పు పట్టుకోదు. "డాక్ 17" బాధ కూడా ఉండదు.

సూర్యాపేట_సైకిల్
ఇది బాగుంది మేడమ్. ఇది నాకు నచ్చింది.

గడియారంసెంటర్_జిరాక్స్
నాలుగు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నా. అందరికీ పేరుపేరునా దండాలు.

ముందు నావి ఏరుకున్నా. *జీఎస్టీ*, *రెంట్*, పాప ఫోటోలు ఫోన్ కెమెరావి కాబట్టి వాటి పేర్లలో డబ్ల్యూఏ ఉండదు, ఆ తేడాతో దొరికాయి. అన్నీ డి డ్రైవ్‌కి మార్చి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ తీసుకున్నా. తర్వాత వాట్సాప్ ఇమేజ్ 2019* నుంచి ఒక్కో ఏడాది చూసుకుంటూ వచ్చా. 2021లో మా బావ పంపిన మా నాన్న ఫోటో ఒకటి వాటి మధ్యలో ఉంది. పొలం గట్టు మీద కూర్చుని బీడీ ఆర్పేస్తూ ఉన్నాడు. ఆ ఫోటో నా దగ్గర ఉందని కూడా నాకు తెలియదు. నేరుగా డెల్ కొట్టి ఉంటే అదీ పోయేది.

*రిపోర్ట్* అంటే 410 వచ్చాయి. పిన్ని రిపోర్టు వాటిలో లేదు, సైకిల్ అన్న అన్నట్టే పేరు "డాక్ 3" అని ఉంది. *డాక్ ?* అని విడిగా వెతికి పట్టుకున్నా. పేరుకు అందనివి ఇంకా ఆరు వందల దాకా మిగిలితే రెండు రాత్రులు కూర్చుని చేత్తోనే తీశా.

గడియారంసెంటర్_జిరాక్స్
ఒకటి చెప్పడం మర్చిపోయా. ఆ అమ్మాయి నిన్న మళ్ళీ వచ్చింది, వాళ్ళ తమ్ముడి ఆదాయ సర్టిఫికెట్ ప్రింట్ కోసం. ప్రింట్ అయ్యాక మానిటర్ తన వైపు తిప్పి మౌస్ ఇచ్చా. జెడ్‌జెడ్_ ఫైలు ఒక్కటే ఉంది. షిఫ్ట్ నొక్కి డిలీట్ తనే కొట్టింది. "పిన్నిది కూడా పోయిందా?" అని అడిగింది. వెతికే పెట్టెలో *డాక్* అని కొట్టి చూపించా, ఏమీ రాలేదు. "సరే అన్నా" అంది.

జడ్చర్ల_జంక్షన్
అన్నా సైఫర్ ఎంతసేపు పట్టింది? నేను ఈ రాత్రి పెడదామనుకుంటున్నా.

గడియారంసెంటర్_జిరాక్స్
నాది 500 జీబీ పాత డిస్క్. షాపు మూసేటప్పుడు తొమ్మిదింటికి పెట్టి, ఇన్వర్టర్ కనెక్షన్ ఇచ్చి వెళ్ళా. పొద్దున ఏడింటికి షట్టర్ తీసేసరికి అయిపోయి ఉంది. నువ్వు ముందు నీ ఫైళ్ళు పక్కకు తీసుకో తమ్ముడూ, పాత ఫోటోలు ఒకసారి చూసుకో.